ఆగిపోయిన మర్నాటి సంగతి

డిసెంబర్ ఆఖరి వారంలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "కొత్త సంవత్సరం నుంచి రోజూ నడుస్తాను", "ఈ ఏడాదైనా అప్పు తీర్చేయాలి", "రాత్రిళ్ళు ఫోన్ చూడటం మానేస్తాను" అనేవి ఒక రకం. "అన్నీ ఆరంభశూరత్వాలే, ఫిబ్రవరిలో కనపడు, అప్పుడు మాట్లాడదాం" అనేవి రెండో రకం. ఈ మధ్య రెండో రకం గొంతే పెద్దదైపోయింది. లక్ష్యం పెట్టుకున్న మనిషి అదేదో చిన్నతనం అన్నట్టు సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా దాచుకునేదాకా వచ్చింది.

నేను మొదటి రకం వాళ్ళ వైపు. కొత్త సంవత్సరానికి లక్ష్యం పెట్టుకోవడం మంచి పని అని మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ మనం పెట్టుకునే తీరులో ఒక పెద్ద లోటు ఉంది. ఎలా మొదలుపెట్టాలో బోలెడంత ఆలోచిస్తాం. బూట్లు కొంటాం, డైరీ కొంటాం, యాప్ పెట్టుకుంటాం. మధ్యలో ఆగిపోయిన మర్నాడు ఏం చేయాలో మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలోచించం. ఏడాదంతా నిలబడేదీ పడిపోయేదీ ఆ మర్నాడేనని నా వాదన.

ముందు వెటకారం చేసేవాళ్ళ సంగతి చూద్దాం. "నిజంగా మారాలనుకునేవాడికి తేదీతో పనేముంది, ఈ రోజే మొదలుపెట్టొచ్చుగా" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మనుషులు అలా లేరు. హెంగ్‌చెన్ డై, కేటీ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో వారం మొదట్లో, నెల మొదట్లో, సంవత్సరం మొదట్లో జిమ్‌కు వెళ్ళేవాళ్ళు పెరుగుతారని, బరువు తగ్గడం గురించి ఇంటర్నెట్‌లో వెతికేవాళ్ళు కూడా పెరుగుతారని చూపించారు. పుట్టినరోజు తర్వాత కూడా ఇలాంటి ఊపే కనిపించింది. తేదీ మారితే గోడ మీద క్యాలెండర్ తప్ప ఏమీ మారదు, నిజమే. అయినా "అప్పటి నేను వేరు, ఇప్పటి నేను వేరు" అనుకోవడానికి మనసుకు ఒక గీత కావాలి. ఆ గీత జనవరి ఒకటి ఇస్తే ఇవ్వనిద్దాం. ఉచితంగా వచ్చిన బలాన్ని ఎందుకు కాదనుకోవాలి?

దీనికంటే గట్టి ఆధారం ఇంకొకటి ఉంది. అమెరికాలో స్క్రాంటన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త జాన్ నార్‌క్రాస్, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో రెండు గుంపుల్ని పోల్చారు. ఒక గుంపు కొత్త సంవత్సరానికి నిర్ణయం తీసుకున్నవాళ్ళు. రెండో గుంపు కూడా మారాలనే కోరిక ఉన్నవాళ్ళే, కానీ తర్వాతెప్పుడైనా చూద్దాంలే అనుకున్నవాళ్ళు. ఆరు నెలల తర్వాత అడిగితే మొదటి గుంపులో 46 శాతం మంది నిలబడ్డామన్నారు, రెండో గుంపులో 4 శాతం మంది. ఇవి వాళ్ళంతట వాళ్ళు ఫోన్‌లో చెప్పిన మాటలు కాబట్టి కాస్త తగ్గించి చూసుకోవచ్చు. ఎంత తగ్గించినా ఆ తేడా చెరిగిపోయేది కాదు. సగం మందికి పైగా ఓడిపోయారు కదా అని వెక్కిరించేవాళ్ళు పక్కనున్న 4 శాతాన్ని కూడా చూడాలి.

అసలు నన్ను పట్టి కూర్చోబెట్టిన అంకెలు మాత్రం నార్‌క్రాస్ అంతకుముందు, 1980లలో చేసిన పనిలో ఉన్నాయి. 200 మందిని రెండేళ్ళ పాటు వెంబడించి అడుగుతూ వచ్చాడు. మొదటి వారం దాటేసరికి నిర్ణయం మీద ఉన్నవాళ్ళు 77 శాతం. రెండేళ్ళు నిలబడినవాళ్ళు 19 శాతం. ఇంతవరకే చదివి "చూశారా" అనేస్తారు చాలామంది. తర్వాతి వాక్యం చదవరు. రెండేళ్ళు గెలిచినవాళ్ళలో కూడా 53 శాతం మంది కనీసం ఒక్కసారైనా తప్పారు. ఆ రెండేళ్ళలో తప్పిన సందర్భాల సగటు 14.

గెలిచినవాళ్ళ లెక్క ఇది! ఓడిపోయినవాళ్ళది కాదు. సగానికి పైగా మంది తప్పుతూనే గెలిచారు. వాళ్ళకు మనకంటే ఉక్కులాంటి మనసు ఉందని కాదు. తప్పాక మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ తప్పాక మళ్ళీ మొదలుపెట్టారు. మొదటిసారి తప్పిన రోజున "ఇక నా వల్ల కాదు" అని సంతకం పెట్టేయలేదు.

మరి మనం ఎందుకు పెట్టేస్తున్నాం?

మా బాబాయి సిగరెట్ మానేయడం మా ఇంట్లో చాలా ఏళ్ళు నడిచిన కథ. ప్రతి కొత్త సంవత్సరానికీ మానేస్తానని చెప్పేవాడు. "ఎన్ని రోజులురా ఈసారి?" అని మా నాన్న అడిగేవాడు. అందరం నవ్వేవాళ్ళం. బాబాయి కూడా మాతో కలిసి నవ్వేవాడు. నెల మీద కొన్ని రోజులు గడిచాక ఏదో పెళ్ళిలోనో స్నేహితుల మధ్యనో ఒకటి కాల్చేవాడు. దాంతో కథ అయిపోయేది. ఆ సాయంత్రమే ప్యాకెట్ కొనుక్కునేవాడు. మళ్ళీ వచ్చే జనవరి దాకా ఆ ఊసే ఉండేది కాదు. ఆ ఒక్క సిగరెట్ కంటే ఆ తర్వాతి పదకొండు నెలలు ఎన్ని రెట్లు ఎక్కువ హాని చేశాయో మాలో ఎవరికీ తట్టలేదు.

చివరికి ఒకసారి అలాగే ఒకటి కాల్చి వచ్చిన మర్నాడు, పొద్దున్నే ముఖం వేలాడేసుకుని కూర్చుంటే పిన్ని అంది: "నిన్న ఒకటి కాల్చారు, సరే. ఇవాళ ఇంకా కాల్చలేదు కదండీ. ఇవాళ్టిది ఎందుకు పాడుచేసుకుంటారు?" పిన్ని ఉపదేశంలా చెప్పలేదు, వంటింట్లోంచి వస్తూ మామూలుగా అంది. ఆ ఏడాది బాబాయి ఇంకా కొన్నిసార్లు జారాడు. జారిన ప్రతిసారీ మర్నాడు మళ్ళీ మానేశాడు. ఇప్పుడు ఆయన సిగరెట్ ముట్టి చాలా ఏళ్ళయింది. మేమంతా కలిసి ఏళ్ళ తరబడి చేయలేని పని ఆ రెండు మూడు వాక్యాలు చేశాయి. ఆయనకు అంతవరకూ సిగరెట్ ఎలా మానాలో తెలియక కాదు. మానడం మానేశాక మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో ఎవరూ చెప్పలేదు.

"ఎలాగూ పోయిందిగా" అనే ఈ ఆలోచన బాబాయి ఒక్కడిదే కాదు. పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే పరిశోధకులు 1975లో ఒక ప్రయోగం గురించి రాశారు. తిండి విషయంలో కట్టడిగా ఉండేవాళ్ళకూ, అలాంటి పట్టింపు లేనివాళ్ళకూ ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూసి చెప్పమన్నారు. పట్టింపు లేనివాళ్ళు, కడుపు కాస్త నిండింది కాబట్టి, తక్కువ తిన్నారు. కట్టడిగా ఉండేవాళ్ళు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది, ఇక లెక్కేముంది అన్నట్టు. నియమం ఎంత గట్టిదైతే, అది తప్పిన పూట మనిషి అంత దూరం కొట్టుకుపోతాడు. "ఒక్క రోజు కూడా తప్పను" అని ఒట్టు పెట్టుకోవడం వీరత్వంలా కనిపిస్తుంది కానీ, ఆ ఒట్టులోనే రెండో రోజు ఓటమి దాగి ఉంటుంది.

ఈ మొండి లెక్కకు బలమిచ్చిన మాటల్లో "21 రోజుల్లో అలవాటు" ఒకటి. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, తన దగ్గర ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజుల దాకా పడుతోందని గమనించి 1960లో రాశాడు. అది నోటా నోటా మారి, ఏ పనైనా 21 రోజులు వరుసగా చేస్తే చాలు అలవాటైపోతుంది అన్న హామీగా తేలింది. ముక్కు సరిచేయించుకున్న మనిషికీ, తెల్లవారుజామున లేచి పరుగెత్తాలనుకునే మనిషికీ ఏం పోలిక? ఇరవై రెండో రోజున కూడా లేవడం కష్టంగానే ఉంటే పాపం ఆ మనిషి లోపం తనలోనే ఉందనుకుంటాడు.

లండన్‌లో యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం దీన్ని సరిచేసింది. 96 మంది తలా ఒక చిన్న పని ఎంచుకుని, రోజులో ఏదో ఒక సందర్భానికి దాన్ని జతచేసి 12 వారాలు చేశారు. పని అలవాటుగా మారడానికి పట్టిన కాలంలో మధ్య విలువ 66 రోజులు, అంటే సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి అంతకంటే ఎక్కువ పట్టింది. కానీ మనిషికీ మనిషికీ తేడా 18 రోజుల నుంచి, గణితంతో ముందుకు పొడిగించి వేసిన అంచనా ప్రకారం, 254 రోజుల దాకా ఉంది. అంటే ఒకరికి మూడు వారాల లోపే పట్టుబడిన పని ఇంకొకరికి ఎనిమిది నెలలు తీసుకోవచ్చు. పనిని బట్టి కూడా మారుతుంది. అదే అధ్యయనంలో తేలిన మరో సంగతి నాకు అన్నిటికంటే విలువైనది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడటం మీద చెప్పుకోదగ్గ ప్రభావం ఏమీ లేదు. ఒక పూట భోజనం మానేశామని తిండే మానేయం కదా.

ఇక్కడ యాప్‌ల గురించి ఒక మాట చెప్పాలి. వరుసగా ఎన్ని రోజులు చేశారో లెక్కపెట్టి, ఒక రోజు తప్పగానే అంకెను సున్నాకు దించేసే యాప్‌లంటే నాకు మనసొప్పదు. మొదట్లో ఆ అంకె పెరుగుతుంటే ఉత్సాహంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ నాలుగు నెలలు చదివిన మనిషి జ్వరం వచ్చి ఒక రోజు చదవకపోతే, అతని నాలుగు నెలల చదువు సున్నా అయిపోయిందా? బుర్రలోకి ఎక్కింది ఎక్కడికీ పోలేదు. ఆ సున్నా అబద్ధం చెబుతోంది. ఆ అబద్ధాన్ని నమ్మి చాలామంది ఆ యాప్‌తో పాటు పనిని కూడా తీసేస్తున్నారు. లెక్క కావాలంటే నెలలో ఎన్ని రోజులు చేశామన్నది చూసుకుందాం. ఆ అంకె ఒక రోజు తప్పితే పెరగకుండా ఆగుతుందే కానీ పడిపోదు.

సరే, ఆగిపోయిన మర్నాటి గురించి ముందే ఆలోచించడమంటే ఏం చేయాలి? "ధైర్యంగా ఉంటాను, పట్టుదలతో లేస్తాను" అని రాసుకోవడం కాదు. పట్టుదల మీద ఆధారపడితే, అది తక్కువగా ఉన్న రోజున ఏమీ మిగలదు. బ్రిటన్‌లో సారా మిల్న్, షీనా ఆర్బెల్, పాస్కల్ షీరన్ 2002లో ప్రచురించిన ప్రయోగం దీన్ని చాలా స్పష్టంగా చూపిస్తుంది. విద్యార్థులు వారంలో కనీసం ఒకసారి ఇరవై నిమిషాలు గట్టిగా వ్యాయామం చేయాలి. ఏమీ చెప్పని గుంపులో 38 శాతం మంది చేశారు. గుండె జబ్బుల గురించి, వ్యాయామం వల్ల లాభాల గురించి చదివించిన గుంపులో 35 శాతం మంది చేశారు. అదే చదివించి, దాంతోపాటు "ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ చేస్తాను" అని రాయించిన గుంపులో 91 శాతం మంది చేశారు. స్ఫూర్తి అదనంగా ఇచ్చింది ఏమీ లేదు. చోటు, సమయం రాసుకోవడం అంతా ఇచ్చింది. ఇది ఒక వారం పాటు జరిగిన చిన్న పరీక్షే. ఏడాది మొత్తానికి అదే 91 శాతం వస్తుందని ఎవరూ ఆశపడకూడదు. కానీ ఈ పద్ధతిని కనిపెట్టిన పీటర్ గాల్‌విట్జర్, షీరన్‌తో కలిసి 2006లో 94 పరీక్షల ఫలితాల్ని కలిపి చూసినప్పుడు కూడా ఇది పనిచేస్తుందనే తేలింది.

నేను చెప్పేదేమిటంటే, ఈ పద్ధతిని మొదలుపెట్టడానికి వాడినట్టే తిరిగి రావడానికీ వాడాలి. నా పుస్తక పఠనం లక్ష్యం పక్కన నేను రాసుకునే వాక్యాలు ఇలా ఉంటాయి. రాత్రి భోజనం అయ్యి, కంచం కడిగి పెట్టగానే కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని అరగంట చదువుతాను. ఒక రాత్రి కుదరకపోతే, మర్నాడు అదే కుర్చీలో రెండు పేజీలే చదువుతాను, తప్పిపోయింది కలిపి చదవను. ఊరికి వెళ్ళి వస్తే, సంచి సర్దడం అయినా కాకపోయినా, వచ్చిన మర్నాటి రాత్రి రెండు పేజీలు. ఒంట్లో బాగోకపోతే తగ్గేదాకా పుస్తకం ఊసే ఎత్తను, మామూలుగా భోజనం చేసిన మొదటి రాత్రి రెండు పేజీలు.

"తప్పిపోయింది కలిపి చదవను" అన్నది చాలా ముఖ్యం. మనలో చాలామందికి బాకీ తీర్చుకునే స్వభావం ఉంది. నిన్న నడవలేదు కాబట్టి ఇవాళ రెట్టింపు నడవాలి అనుకుంటాం. ఇవాళ రెట్టింపుకు తీరిక దొరకదు, రేపటికి మూడు రెట్లు అవుతుంది. వారం తిరిగేసరికి ఆ బాకీ కొండంత అయి, దాని వైపు చూడాలంటేనే భయం వేస్తుంది. తిరిగి వచ్చే రోజు పని రెట్టింపు కాకూడదు, సగమో పావో కావాలి. ఆ రోజు మనం సాధించాల్సింది మళ్ళీ అక్కడ కూర్చోవడం ఒక్కటే.

ఏడాదిలో మనల్ని ఆపేసేవి ఏవో మనకు ముందే తెలుసు కూడా. ప్రయాణాలు, చుట్టాలు, పిల్లల పరీక్షలు, ఆఫీసులో లెక్కలు తేల్చే నెల, జలుబు, ఎండలు, వానలు. వీటిలో ఏదీ ఆకాశం నుంచి ఊడిపడదు. ఇవేవీ రానట్టు జనవరిలో లక్ష్యం రాసుకుని, వచ్చాక ఆశ్చర్యపోతాం. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ 1994లో విద్యార్థుల్ని సిద్ధాంత వ్యాసం ఎప్పటికి ముగిస్తారో చెప్పమన్నారు. సగటున 34 రోజులు అన్నారు, 55 రోజులు దాటింది. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందో చెప్పమంటే వాళ్ళు ఇచ్చిన అంకె 49 దగ్గర ఆగింది. అంటే మనం ఊహించే చెడ్డ కాలం కూడా నిజం కంటే మెరుగ్గానే ఉంటుంది. అందుకే లక్ష్యానికి కొంత ఖాళీ వదలాలి. మరిస్సా షరీఫ్, సుజాన్ షూ 2017లో ఇదే పరీక్షించారు. ఒక పనిని వారంలో ఏడు రోజులూ చేయాలన్న గుంపు, ఐదు రోజులు చేస్తే చాలన్న గుంపు, ఏడు రోజులూ చేయాలి కానీ అత్యవసరమైతే రెండు రోజులు మాఫీ అన్న గుంపు. మూడో గుంపులో సగానికి పైగా మంది లక్ష్యం చేరారు. మొదటి రెండు గుంపుల్లో పావు వంతు అటూ ఇటూ. రెండో గుంపుకూ మూడో గుంపుకూ పని ఒక్కటే, ఐదు రోజులు చేస్తే చాలు. అయినా మాఫీ అని పేరుపెట్టి పక్కన ఉంచిన రోజుల్ని మనుషులు తొందరపడి ఖర్చు పెట్టలేదు. తప్పిన రోజున కూడా వాళ్ళు నియమం లోపలే ఉన్నారు, బయట పడిపోలేదు.

సమయం విషయంలో కూడా ఇదే సడలింపు ఉండాలి. ఇది చెబితే కొందరికి నచ్చదు, రోజూ ఒకే వేళకు చేస్తేనే అలవాటవుతుందని వాళ్ళ నమ్మకం. గూగుల్ ఉద్యోగులు 2,500 మందికి పైగా పాల్గొన్న ఒక ప్రయోగంలో కొందరికి తామే ఎంచుకున్న వేళలో జిమ్‌కు వెళ్తేనే ప్రోత్సాహకం ఇచ్చారు, కొందరికి ఏ వేళ వెళ్ళినా ఇచ్చారు. డబ్బు ఇవ్వడం ఆపేశాక ఎక్కువగా వెళ్ళింది ఏ వేళైనా వెళ్ళొచ్చన్న గుంపే. ఒకే వేళకు అలవాటుపడినవాళ్ళు ఆ వేళ తప్పితే వేరే వేళల్లో వెళ్ళడం తక్కువే. కాబట్టి వేళ పెట్టుకోండి, దాంతోపాటు రెండో వేళ కూడా పెట్టుకోండి. పొద్దున కుదరకపోతే సాయంత్రం ఎప్పుడో రాసుకోండి.

ఎన్ని లక్ష్యాలు అన్న ప్రశ్నకు నా జవాబు ఒకటి. గట్టిగా అడిగితే రెండు. అమెరికా దేశ నిర్మాతల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ యువకుడిగా ఉన్నప్పుడు 13 సుగుణాల పట్టిక రాసుకున్నాడు. అన్నీ ఒకేసారి పట్టుకుంటే చెదిరిపోతానని వారానికి ఒక్క దాని మీదే శ్రద్ధ పెట్టాడు. 13 వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. తప్పిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో నల్లచుక్క పెట్టేవాడు. పాత చుక్కలు గీకేసి కొత్త చుట్టు మొదలుపెట్టీ పెట్టీ కాగితాలకు చిల్లులు పడితే, తడి స్పాంజితో తుడిచేసుకోవడానికి వీలుగా ఏనుగు దంతపు పలకల పుస్తకానికి మార్చుకున్నాడు. వస్తువుల్ని, పనుల్ని పద్ధతిగా పెట్టుకోవడం అనే గుణం మాత్రం తనకు చివరిదాకా లొంగలేదని స్వయంగా రాసుకున్నాడు. తర్వాత్తర్వాత ఏడాదికి ఒక్క చుట్టే, ఆపైన కొన్నేళ్ళకొకటి, చివరికి అదీ లేదు. అయినా ఆ ప్రయత్నం చేయకపోతే ఉండేదానికంటే మంచివాడిగా, సంతోషంగా ఉన్నానన్నాడు. నాకు ఆ తుడిచేసుకునే పలకల ఆలోచన చాలా ఇష్టం. ఇంకా తప్పుతానని ఆయనకు అప్పటికి తెలిసిపోయింది, తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టే ఏర్పాటు చేసుకున్నాడు.

లక్ష్యాన్ని "మానేస్తాను" అని కాకుండా "చేస్తాను" అని రాసుకోవడం కూడా మేలు. స్వీడన్‌లో 1,066 మందిని ఏడాది పాటు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఏదో ఒకటి చేస్తాననుకున్నవాళ్ళలో 58.9 శాతం మంది, ఏదో ఒకటి మానేస్తాననుకున్నవాళ్ళలో 47.1 శాతం మంది ఏడాది చివర తాము నెగ్గామన్నారు. ఫోన్ చూడను అనుకునే బదులు ఆ వేళకు ఏం చేస్తానో రాసుకుంటే సరిపోతుంది. సిగరెట్ లాంటివి ఇలా తిప్పి రాయడం కష్టం, మానాల్సినవి మానాల్సిందే. మందులు, వైద్యుల సాయం ఉన్నచోట అవి తీసుకోవడానికి సిగ్గుపడకూడదు.

లక్ష్యాలు రాసుకోవడం గురించి ఒక కథ చాలా ఉపన్యాసాల్లో వినిపిస్తుంది. యేల్ విశ్వవిద్యాలయంలో 1953లో చదువు ముగించినవాళ్ళలో 3 శాతం మందే తమ లక్ష్యాలు రాసుకున్నారని, ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళ సంపద మిగతా 97 శాతం మంది మొత్తం సంపదను మించిందని. అలాంటి అధ్యయనం జరగనేలేదు. రాసుకోవడం వల్ల కోటీశ్వరులం కాము. కానీ చేసింది ఏ రోజుకారోజు గుర్తుపెట్టుకోవడం పనికొస్తుందని 138 అధ్యయనాల్ని కలిపి 2016లో చేసిన సమీక్షలో తేలింది. కాగితం మీద ఒక టిక్కు చాలు. తప్పిన రోజున గడి ఖాళీగా వదిలేయండి. ఎర్ర సిరాతో కొట్టేయాల్సిన పని లేదు.

ఇక ఇంట్లోవాళ్ళకు, స్నేహితులకు నేను చేతులు జోడించి అడిగేది ఒకటుంది. ఎవరైనా లక్ష్యం పెట్టుకున్నామని చెబితే "ఎన్ని రోజులు?" అని అడగకండి. తప్పిపోయారని తెలిస్తే "నేను ముందే చెప్పానా" అనకండి. మీకు అది సరదా. అవతలి మనిషి మళ్ళీ మొదలుపెట్టాలంటే ఆ నవ్వును దాటుకుని రావాలి. చాలామంది దాటలేరు, అందుకని దొంగచాటుగా మొదలుపెట్టి, దొంగచాటుగానే వదిలేస్తారు. మైకేల్ వోల్, తిమొతీ పిచిల్, షానన్ బెనెట్ 2010లో చూపించిన సంగతి ఒకటుంది. మొదటి పరీక్షకు చదువును వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తిట్టుకుంటేనే బాగుపడతామని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు. తిట్టుకున్న మనిషి ఆ పని వైపు చూడటానికే భయపడి ఇంకా దూరంగా జరుగుతాడు.

అందరికీ ఒకే లెక్క వర్తించదని కూడా చెప్పాలి. పసిబిడ్డ ఉన్న తల్లికి, మంచాన పడ్డ పెద్దవాళ్ళను చూసుకునేవాళ్ళకు, రాత్రి షిఫ్టులు మారుతూ ఉండేవాళ్ళకు తమది అని చెప్పుకునే అరగంట కూడా ఖాయంగా ఉండదు. "అందరికీ రోజుకు 24 గంటలే కదా" అని వాళ్ళతో అనడం అన్యాయం. వాళ్ళ లక్ష్యం రెండు పేజీలతోనే మొదలై రెండు పేజీల దగ్గరే ఏడాదంతా ఉన్నా అది పూర్తి లక్ష్యమే. పక్కింటి మనిషి పరుగుతో దాన్ని పోల్చాల్సిన అవసరం లేదు. ఆ ఇంట్లో మిగతావాళ్ళు పంచుకోవాల్సిన పని పంచుకుంటే ఆ అరగంట దొరుకుతుంది. నా దృష్టిలో, ఇంట్లో ఒక మనిషి లక్ష్యం నిలబడాలంటే మిగతావాళ్ళు చేయగల పెద్ద సాయం అదే.

ఇంతా చెప్పాక ఒక అభ్యంతరం మిగులుతుంది. ఎన్నిసార్లు తప్పినా మళ్ళీ మొదలుపెట్టమంటే, మనకు సరిపడని లక్ష్యాన్ని కూడా జీవితాంతం మోస్తూ ఉండాలా? అక్కర్లేదు. చేరలేని లక్ష్యాల్ని వదిలేయగలిగి, కొత్తవి పట్టుకోగలిగినవాళ్ళు మానసికంగా మెరుగ్గా ఉంటారని కార్స్టెన్ రోష్, ఆయన సహచరులు 2003లో రాశారు. కొన్ని లక్ష్యాలు మనవి కావు. ఎవరో చేస్తున్నారని పెట్టుకున్నవి, ఎవరికో చూపించాలని పెట్టుకున్నవి. అవి వదిలేస్తే ప్రాణం తేలికవుతుంది. కానీ వదిలేయడం ఒక నిర్ణయంగా జరగాలి. తప్పిన మర్నాడు, మనసు బాగోలేని పూట, ఆ నిర్ణయం తీసుకోకూడదు. ఆ పూట ఏ లక్ష్యమైనా పనికిమాలినదిగానే కనిపిస్తుంది. దానికి వేరే తేదీ పెట్టుకోవాలి, అప్పటిదాకా తిరిగి మొదలుపెట్టడం ఒక్కటే పని అనుకోవాలి.

ఈ ఏడాది నేను ఈత నేర్చుకోవాలనుకుంటున్నాను. నీళ్ళంటే నాకు భయం, కాబట్టి మధ్యలో ఆగిపోతానని నాకు బాగా తెలుసు. ఆగిపోయిన మర్నాడు నీళ్ళలోకి దిగక్కర్లేదు, గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టి పది నిమిషాలు ఉండి వచ్చేస్తే చాలు అని రాసుకున్నాను. కొనసాగించాలా వద్దా అన్నది మార్చి ఆఖరి ఆదివారం కూర్చుని ఆలోచిస్తాను. అప్పటికి నీళ్ళ మీద తేలుతున్నానా లేదా అన్నది కాదు నేను చూసుకునేది. ఆగిన ప్రతిసారీ గట్టు దాకా తిరిగి వెళ్ళానా, వెళ్ళినప్పుడు మళ్ళీ రావాలనిపించిందా అన్నవే. రెండిటికీ లేదు అని జవాబు వస్తే, ఆ రోజే ఈత పేరు కొట్టేసి, ఏప్రిల్ నుంచి మరొకటి మొదలుపెడతాను.